గంపెడు ఉన్నిదారం

ఆ మూట దింపు గుర్వమ్మా! దింపమంటె ఇనబడ్తలేదా? నేను మగ్గం కాడికెళ్లి లేచొచ్చేలోపట సగం గంప ఖాళీ చేస్తివి. గోడ మీద బొగ్గుతోని 'ముట్టద్దు' అని గంత పెద్దగ రాస్తి కద!

ఏందీ? నీకు చదవరాదా? నన్ను రాత్రిబడికి ఎల్లగొట్టినప్పుడు నువ్వు గూడ రావల్సింది.

నవ్వకు. గా దారం ఊకెనే పడున్నదనుకుంటున్నవా? మొన్న ముసురు పట్టె. గొర్ల బొచ్చు కత్తిరించే తీరు లేకపాయె. నీకు చలిజ్వరమొచ్చి కదురు మూలకు పడె. ఊళ్లె మగ్గాలన్నీ ఆగినయ్. మనది ఆగిందా? చెప్పు, ఆగిందా? నువ్వు లేచి మళ్ల వడికేదాక గీ గంపల ఉండలు తీసుకుంట గొంగళ్లు నేస్తనే ఉంటి.

పిసినారోడంటరు. అననీ. ఏ రోజు వడికింది ఆ రోజే నేసేటోని ఇంట్ల కదురు ఆగితే పొయ్యి ఆగుతది. నా ఇంట్ల ఆగదు.

సోమమ్మకియ్యనీకా? తెలుసు, ఆమె నీ చెల్లె. రోగమొచ్చి వాళ్ల గొర్లన్నీ సచ్చిపాయె, నాకు బాధ లేదా? కని నా సడ్డకుడు, ఆమె మొగడు చెన్నయ్య, ఏమన్నడు? "దుర్గన్నా, దారానికి దయ్యం లెక్క కావలుంటవేందే" అని పెండ్లి పందిట్ల అందరి ముంగట ఎక్కిరిస్తె నువ్వు గూడ నవ్వితివి. ఇప్పుడు ఉత్త మగ్గం ముంగట కూసున్నడా? కూసోనీ.

గట్ల చూడకు. నువ్వెంత ఏడ్చినా ఇయ్య.

ఏమంటివి? పిల్లలకు అంబలి గూడ లేదా? ఎవరు చెప్పిన్రు? నువ్వే వాళ్లింట్ల చూసొస్తివా? మరి వచ్చినప్పటి సంది చెప్పకుండ నోట్లె ఏం పెట్టుకున్నవ్?

ఆగు. ఆ పైపై ఉండలెందుకు? మగ్గం మీద గుంజి కట్టే పడుగుకు గట్టి దారం కావాలె. అడుగున ఉన్నది, అది తియ్యి.

ఇస్తున్ననని మురవకు. నేనెవ్వనికి ఇయ్య. రేపు మన గుడిసె అంటుకుంటే గంప మొత్తం బుగ్గయితది కద? అందుకని సగం సోమమ్మ ఇంట్ల దాస్తున్న. గంతే. వాళ్లు నేసుకుంటె నేసుకుంటరు. మళ్ల గొర్లు చేసుకున్ననాడు తిరిగిస్తరు, ఇయ్యకపోతె లేదు.

మళ్ల ముసురు పడితే మన మగ్గం గూడ ఆగుతదంటవా? ఆగనీ. నాకు తెల్వదా?

చెన్నయ్య అడిగితే గిట్లనే చెప్పు: మా ఆయన మీ ఇంట్ల దాసిండు అని. ఇచ్చిండని అన్నవో, ఆ మూట నేనే పోయి మోసుకొస్త.

ఇగ నడువు, ఎండెక్కుతాంది.