అల్లునికి చాయ్, బిడ్డకు తాయత్తు

"అమ్మమ్మా, చిన్నమ్మమ్మకు పీడకలలు ఏ మందుతోని తగ్గినయ్?"

మందా? కూసో, చెప్త. మా చిక్కడపల్లి ఇంట్ల మందులకేం తక్కువ లేకుండె.

తొంభై మూడో... కాదు, మీ అమ్మ అప్పటికి ఇంటర్ల ఉండె, తొంభై నాలుగు. మీ తాత నౌకరీ మీద ఊర్లు తిరుగుతుంటె, నేను పిల్లలను తీసుకొని మా అమ్మ, బాపు దగ్గర్నే ఉన్న. అప్పుడే మా చెల్లె సులోచన అంబర్‌పేట్ల మొగని ఇల్లు ఇడిచిపెట్టి వచ్చింది. కూరల ఉప్పు ఎక్కువైందని ఆ మహానుభావుడు కూరగాయల చాకు దాని మెడ మీద పెట్టిండు. ఆ రోజుల్ల ఉప్పు మస్తు అగ్గువ. ఆడిదాని పాణం ఇంకా అగ్గువ.

వచ్చిన కాడినుంచి కన్ను మూస్తే చాలు, కేక పెట్టేది. పగటిపూట కునుకు తీసినా అంతే. మా బాపు తెలివిగలోడు, నారాయణగూడ దాక జనం సలహాకు వస్తుండ్రి. ఆయన కనిపెట్టిందేందంటే, పిల్లకు దిష్టి తగిలింది. మిరపకాయలు తిప్పిండ్రు. తాయత్తు కట్టిండ్రు. అడిక్‌మెట్ల డాక్టరు గోలీలు రాసిండు. అన్నీ చేసిండ్రు, వాణ్ణి రావద్దనుడు తప్ప.

ప్రతి ఆదివారం రాజీ మాటలకని అల్లుడు వస్తుండె. అల్లుడు గదా, మర్యాద ఉండాలె. కాళ్లకు నీళ్లు, కుర్చీ, బిస్కెట్లు, చాయ్. ఎంత నెమ్మదస్తుడంటవ్, బిస్కెట్ ముక్క కింద పడితే ఏరి సాసర్ల పెడుతుండె.

ఒక ఆదివారం వాడు ఉండంగనే లోపలి అర్రల పండుకున్న సులోచన కేక పెట్టింది. వాడు జర పాపం మొఖం పెట్టి, దిండు కింద ఇనుము పెట్టుండ్రి మామా, కలలు రావు అన్నడు. మన దిక్కు ఆ నమ్మకం ఉన్నదే గదా. గని వైద్యం చెప్తున్నదెవరో చూడు. అల్లుని ప్రేమకు మా బాపుకు కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. తాళంచెవి గూడ ఇనుమే. ఆయనకు వంటింట్ల చాకే దొరికింది. తెచ్చి దాని దిండు కింద పెట్టిండు.

ఆయన చెయ్యి తగిలి సులోచన లేచింది. ఈసారి కేక పెట్టలే. మెల్లగ అన్నది.

"మీరంత కల, కల అంటున్నరు బాపు. వాడు ముంగటి అర్రల కూసొని చాయ్ తాగుతుండు."

మా అమ్మ అల్లుని ముంగట ఏనాడూ గొంతు లేపలే. ఆమె పోయి, సగం చాయ్ ఉండంగనే వాని చేతులకెళ్లి కప్పు తీసుకున్నది. "ఇగ రాకు" అన్నది. వాడు పోయినంక బాపు, మర్యాద పోయింది, మర్యాద పోయింది అని అమ్మ ఎంటపడ్డడు. గంత మర్యాదైతె నువ్వే పోయి వానింట్ల పండుకో అన్నది.

తర్వాతి ఆదివారం అమ్మ పీటేసుకొని గడపల కూసున్నది, చిక్కుడుకాయలు తుంపుకుంట. వాడు సందు మలుపు దాక వచ్చిండు, సూసిండు, మర్లిపోయిండు. ఆమె మటుకు అన్ని ఆదివారాలు అక్కడ్నే కూసున్నది.

తెల్లారెసరికి కలలు పోలేదు బిడ్డా. నెలలు పట్టింది. తాయత్తు పనిచేసిందని బాపు సచ్చేదాక చెప్పుకున్నడు, చెప్పుకోనీ. ఒకనాడు పొద్దుగాల సులోచన తల దువ్వుకుంట అన్నది, "అక్కా, వాడు మళ్ల కలలకొచ్చిండు. గని గడపల అమ్మ కూసొని ఉండె. లోపలికి రాలే." అని, మల్ల పోయి పండుకున్నది. చాయ్ చల్లారిపోయేదాక లేవలే.

సల్లగుండు బిడ్డా. రేపు నీ పెండ్లప్పుడు గూడ, ముందుగాల నీకు కంటినిండ నిద్రపట్టే ఇల్లు దొరకాలె. అల్లుడు, మర్యాద... అవన్ని తర్వాత సూసుకుందం...