దగ్గు లేని పాట

నౌపడలో ఇల్లు అమ్మేసిన మర్నాడు, వెనక గదిలో తండ్రీ కొడుకూ గోడలకు కొట్టిన బొంతలు ఊడదీస్తున్నారు.

"నీ క్రిస్మస్ పాట రికార్డింగులో దగ్గు పడతాదని మీ అమ్మని అరుగు మీద పడుకోబెట్టినావు. బయట సద్దు రాకుండా ఆవిడ బొంతలు ఈ గోడలకి కప్పినావు."

"పాట అయ్యేవరకే కదా నాన్నా. అమ్మే ఎల్తానన్నాది."

"ఆ సలికి అరుగు మీదే పేణం పోనాది."

"ఇంకొక్క పాట ఉన్నాది నాన్నా, అమ్మ మీదే. ఈ గదిలోనే పాడాల. కొన్నోళ్లకి రెండ్రోజులు తాళం ఇవ్వకు."

"అరుగు మీదకి పంపకముందు, పాట మజ్జిలో ఆవిడ దగ్గు పడిపోనాదని కసిరినావు కదా. ఆ దగ్గు ఒక్కసారి వినిపించు. రెండ్రోజులేటి, నెల ఆపుతాను."

"అది... అప్పుడే తీసీసినాను నాన్నా."

"అయితే నీ మైకు కూడా తీసీ. కొన్నోడు గేటు కాడ నిలబడున్నాడు. ఈ ఊసు నా దగ్గర మరెప్పుడూ ఎత్తకు. నేనూ ఎత్తను."