మిస్ థెల్మా పాటలో పడని లైను

"పడవ ఒడ్డుకి చేర్చానే చిన్నదానా, తాళ్ళు రెండూ ముడేశానే…" ఆ తర్వాత ఏముందీ, ఉండు… ఊఁ ఊఁ ఊఁ. అంతే. లేదమ్మా డెల్ఫీ, ముసలిదాన్నై మర్చిపోయాననుకోకు, రికార్డులో కూడా అక్కడ అంతే ఉంటుంది. వేసి చూడు, రెండో పక్క మూడో పాట. రేఫ్ డెల్లిన్ అని, నుదుటి మీద జుట్టు వేలాడేసుకుని నడుం తిప్పుతూ పాడేవాడు. టీవీలో వాడు కనబడితే మా అమ్మ పెట్టె మీద తువ్వాలు కప్పేసేది. వాడి సినిమా పాటలే అవన్నీ. అట్ట మీద వాడి బొమ్మ అందరూ చూస్తారు, వెనకాల చీమల్లాంటి అక్షరాల్లో ఉన్న పేర్లు ఎవరు చూస్తారు? నేనూ చూళ్ళేదులే, చూసినా నాకప్పుడు చీమలకీ వాటికీ తేడా తెలీదు. ఇదిగో, ఇక్కడ వేలు పెట్టు, టి. గ్రోస్‌బార్డ్. టి అంటే థెల్మా, ఈ పాట రాసినావిడ. ఆడమనిషని తెలియకూడదని ఉత్త టి వేశారో, చోటు చాలక వేశారో, నాకిప్పటికీ అంతుబట్టదు.

నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. న్యూయార్కులో పాటలవాళ్ళంతా ఉండే మేడలో లిఫ్టు నడిపేదాన్ని. పదకొండు అంతస్తులు, గదిగదికీ ఓ పియానో, తలుపులు తీసి ఉంటే లిఫ్టు పైకెళ్తుంటే పదకొండు పాటలు ఒకదాని నెత్తిన ఒకటి పడేవి. మాలాంటి నల్లపిల్లలకి ఆ మేడలో లిఫ్టు వరకే చోటు, గదుల్లో కాలు పెడితే మేనేజరు ఆ రోజే ఇంటికి పంపించేస్తాడు. చదువు వచ్చా అని అడిగితే వచ్చని చెప్పి చేరాను. అంకెలు వచ్చు, ఏ అంతస్తులో ఎవరున్నారో నోటికి వచ్చు, ఇంకేం కావాలి? మిస్ థెల్మా తొమ్మిదో అంతస్తు. ఆవిడ మాటలు రాసేది, మిల్ట్ కెస్నర్ అని ఒకాయన బాణీ కట్టేవాడు. మొగుడూ పెళ్ళాలు కారు, కానీ అంతకంటే ఎక్కువ పోట్లాడుకునేవాళ్ళు. "నీ మాటలు నమలాలంటే పళ్ళు ఊడతాయి థెల్మా" అనేవాడాయన. "నీకు ఊడటానికి ఇంకా మిగిలాయా?" అనేది ఆవిడ. మంచి మనిషి. లిఫ్టెక్కగానే ముందు నా కాళ్ళ వంక చూసేది, వాచాయా లేదా అని.

ఇప్పుడు సినిమాకి పాట ఎలా రాస్తారనుకున్నావు? సినిమావాళ్ళు కథలో రెండు కాయితాలు పంపిస్తారు, 'ఇక్కడ ఇతను పాడతాడు' అని గీత గీసి. ఆ రెండు కాయితాలే పదిమందికి పంపిస్తారు. పదిమందీ రాసి, ఎవరిచేతనైనా ఆ రేఫ్ కుర్రాడిలాగే పాడించి, రికార్డు గీయించి పంపిస్తే, వాడు అక్కడ కాళ్ళు చాపుకుని కూర్చుని వింటాడు. నచ్చినదాన్ని విన్నది విన్నట్టు, ఊపిరి తీసిన చోట ఊపిరి తీసి మరీ పాడతాడు. నచ్చనిది చెత్తబుట్టలోకి. థెల్మావి అప్పటికి ఆరు పాటలు బుట్టలోకి పోయాయి. ఈ పడవ పాట కూడా పోతే నెలాఖరుకి గది ఖాళీ చెయ్యమన్నాడు వాళ్ళ పాటల కంపెనీ యజమాని. గది పోతే పియానో పోయినట్టే, పియానో పోతే ఇంక ఇంటికెళ్ళి కూర్చోవడమే.

ఆ రోజు పాడాల్సిన అబ్బాయికి గొంతు పూడుకుపోయింది. అయిదింటికి విమానం టపా. మూడయింది. థెల్మా లిఫ్టులోకొచ్చి నన్ను ఎగాదిగా చూసింది. నా గొంతప్పుడు మగగొంతులా బండగా ఉండేది, ఖాళీగా ఉన్నప్పుడు పాడుకుంటూ ఉండేదాన్ని, ఆవిడ విన్నట్టుంది. "నువ్వు పాడతావు ఓజెల్లా" అంది. అడగలేదు, చెప్పింది. లిఫ్టు కిందకీ పైకీ నాలుగుసార్లు తిప్పాం, ఆవిడ పాడుతుంటే నేను వెనకాలే పాడాను. మధ్యలో ఎక్కబోయినవాళ్ళకి పాడైపోయిందని చెప్పాం. అప్పుడే చెప్పింది, తాళ్ళు ముడేశాక వచ్చే లైను వాళ్ళమ్మ ఓడ దిగి ఒడ్డున కాలు పెట్టినప్పుడు అన్న మాటట. ఆ ఒక్క లైను కోసమే ఈ పాట రాశానంది. గదిలోకెళ్ళాం. ఖాళీ రికార్డు ఒక్కటే మిగిలింది, ఒకసారి సూది దింపితే పాట దాని మీద గీసుకుపోవడమే, మధ్యలో ఆపడానికి లేదు. "ఇది పట్టుకో, ఎందుకైనా మంచిది" అని పియానో మీంచి ఓ కాయితం తీసి నా చేతిలో పెట్టింది. నేను చదువు వచ్చినదానిలా కళ్ళ ముందు పట్టుకుని నిలబడ్డాను. బాగానే పాడుతున్నానమ్మా. పడవ కట్టాను, తాళ్ళు ముడేశాను, ఆ తర్వాత మాట ఎగిరిపోయింది. కొమ్మ మీంచి పిట్ట లేచినట్టు, చప్పుడన్నా లేదు. సూది తిరుగుతోంది. చేతిలో కాయితం ఉంది, అందులో మాట ఉంది, నాకేమో అక్షరం రాదు. ఊఁ ఊఁ ఊఁ అన్నాను. మిల్ట్ మీటల మీద చెయ్యి తియ్యకుండా నా వంక చూసిన చూపు ఇప్పటికీ వీపు మీద ఉన్నట్టే ఉంటుంది. పాట అయ్యాక థెల్మా, "లైను నీ చేతిలోనే ఉంది కదా" అంది, అంతే. "అలా అయితే బాగుంటుందనిపించిందండీ" అని అబద్ధమాడాను. చదువు రాదంటే పని పోతుంది మరి. నేను టపాకి రికార్డు చుడుతుంటే ఆవిడ దారం కట్టింది. ఆ కాయితం కంగారులో నా జేబులోనే ఉండిపోయింది.

మూడు వారాలకి తంతి వచ్చింది, పాట తీసుకున్నారని. గది నిలబడింది. తర్వాత రికార్డు వస్తే ఏముందీ, ఆ కుర్రాడు కూడా సరిగ్గా అక్కడే ఊఁ ఊఁ ఊఁ అన్నాడు. పాట అంతేననుకున్నాడు పాపం. దేశంలో ఆడపిల్లలంతా ఆ మూలుగుకే పడిపోయారు. కానీ అంతకుముందు, తంతి వచ్చిన రోజునే, మిల్ట్ లిఫ్టులో ఆవిడతో గొడవపడ్డాడు. వాళ్ళింకా పాడలేదు, ఇప్పుడే కబురు చేస్తే ఆ లైను చేరుస్తారు, మీ అమ్మ మాట థెల్మా, అన్నాడు. ఆవిడ, "పాడిందెవరని అడుగుతారు మిల్ట్" అంది. అడిగితే నేను గదిలో కాలు పెట్టానని మేనేజరుకి తెలిసిపోతుంది మరి. నేను వాళ్ళకి వీపు పెట్టి నిలబడి తొమ్మిదో అంతస్తు కోసం చూస్తున్నాను. తొమ్మిది దాటిపోయి పదికి తీసుకెళ్ళాను చూడు, నా జన్మలో అదొక్కసారే.

తర్వాత ఆ మేడ వదిలేశాను, పెళ్ళి, పిల్లలు, మీ అమ్మా వాళ్ళ గోల, అవన్నీ నీకు తెలిసినవే. అరవై ఒకటో ఏట చర్చి కింద గదిలో మిసెస్ టాలివర్ దగ్గర అక్షరాలు దిద్దాను. కాస్త పట్టుబడగానే నేను చేసిన మొదటి పని ఏంటో తెలుసా, బైబిల్లో దాచుకున్న ఆ కాయితం తీశాను. ఆ లైను ఏంటో నలభై రెండేళ్ళు ఆలోచించానమ్మా, గిన్నెలు కడుగుతూ, పిల్లలకి జడలేస్తూ. కూడబలుక్కుని చదివాను. గుడ్లు, అని ఉంది. ప్రేమపాటలో గుడ్లెందుకబ్బా అనుకున్నాను. ఉల్లిపాయలు. అమ్మకి కంటి మందు. మిల్ట్ కోటుకి గుండీ. సరుకుల చీటీ తల్లీ! కంగారులో ఒకటి తియ్యబోయి ఒకటి తీసిచ్చింది. నవ్వుకున్నాను ముందు. ఆ తర్వాత నవ్వాగిపోయింది. నేనెళ్ళగానే అసలు కాయితం పియానో మీదే ఆవిడకి కనబడి ఉంటుంది కదా? నేను సరుకుల చీటీ చూస్తూ ప్రేమపాట పాడానని ఆ సాయంత్రమే తెలిసిపోయి ఉంటుంది కదా? తెలిసీ నలుగురి ముందూ అనలేదు, నన్ను అడగనూ లేదు.

వెతుక్కుంటూ వెళ్ళాను. బ్రాంక్స్‌లో ముసలివాళ్ళు ఉండే చోట ఉంది, చూపు ఆనడం లేదు, చేతిలో చెయ్యి పెడితే గుర్తుపట్టింది. చీటీ చదివి వినిపించాను, నేనే, తప్పుల్లేకుండా. గుండీ దగ్గరికొచ్చేసరికి కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వింది. అప్పుడు చెప్పాను, అప్పట్లో నాకు చదువు రాదండీ, మీ అమ్మగారి మాట నా వల్లే పోయిందండీ, ఆ మాటేంటో చెప్పండి, నేర్చుకుని మా పిల్లలకైనా నేర్పుతాను, అని. ఆవిడ చీటీ నా చేతిలోంచి తీసుకుని వేళ్ళతో తడుముతూ కూర్చుంది. గుర్తు తెచ్చుకుంటోందో, చెప్పాలా వద్దా అనుకుంటోందో నాకు తెలీలేదు. ఇద్దరికీ టీ పెట్టి వెళ్ళారు ఎవరో. తర్వాత నెలకే పోయింది, మళ్ళీ నేను చూళ్ళేదు. ఆ రోజు నా చెయ్యి తట్టి ఆవిడ అన్నదింతే.

"నాలుగుసార్లు పాడితే నీకు నిలవలేదంటే అంత గొప్పగా రాసి ఉండనులే ఓజెల్లా. టీ చల్లారిపోతోంది, తాగు."