పొడుగు మంచం

కోర్టు నుంచి చెల్లెలు తిన్నగా వడ్రంగి షాపుకే వచ్చింది. సగం తయారైన చిన్న మంచానికి చిత్రిక పడుతున్న అన్న, ఆమె ముఖం చూసి చెయ్యి ఆపాడు.

"వకీలు ఏమన్నాడే?"

"పై కోర్టుకు వెళ్లే దారే లేదట అన్నయ్యా. నా పాపను వాళ్ల నాన్న దగ్గరే ఉంచమని విచారణ అధికారి రిపోర్టిచ్చాడు కదా, జడ్జి దాన్నే తీర్పు చేసేశారు. ఆ రిపోర్టు మీద గడువులోగా అభ్యంతరం చెప్పనివాళ్ల మాట ఇక పై కోర్టులో వినరట."

"ఇప్పుడు చెబితే?"

"చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభమన్నాడు."

"అప్పుడే అభ్యంతరం చెప్పమని వకీలు మొత్తుకుంటూనే ఉన్నాడు. నేనే వద్దన్నాను. మన బలమంతా ఆ చిన్న అధికారి ముందే పరిచేస్తే అవతలివాళ్లు జాగ్రత్తపడతారనుకున్నాను. పై కోర్టు జడ్జి ముందు ఒకేసారి బయటపెడదామనీ..."

"కొయ్య కోసినట్టే చేశావు. ముందే పూర్తిగా కోసేయకూడదు, కాస్త ఎక్కువ ఉంచుకుంటే చివర్లో సరిచేసుకోవచ్చు అంటావుగా ఎప్పుడూ."



"చేతులారా నీ కొంప ముంచానే."

"నేనూ తలూపాను కదా."

"పాప కనిపించిందా?"

"కనిపించింది. మామయ్య నా మంచం చేసేశాడా అని అడిగింది."

అతను చిత్రిక పక్కన పెట్టేశాడు.

"ఇంకెందుకిది? విప్పేస్తాను."

"విప్పకు అన్నయ్యా. పొడుగు పెంచు. పాప పెద్దదై, తనంతట తాను మన దగ్గరికి వచ్చేనాటికి కాళ్లు చాపుకోవడానికి చాలాలి కదా."