మా అమ్మాయి చుట్టిన మోటార్ల గురించి

నా పేరు, ఇంటి నంబరు ముందు కాగితంలో రాసుకున్నారు. వయసు యాభై నాలుగు. కాలిపోయిన మోటార్లకు కొత్త తీగ చుట్టి ఇవ్వడం నా వృత్తి. ఇరవై తొమ్మిదేళ్లుగా అదే షాపు, అదే బల్ల. వీధిలో అందరూ నన్ను వైండింగ్ మేస్త్రి అంటారు. ఈ రోజు ఉదయం పది గంటలకు నా అంతట నేనే స్టేషన్‌కు వచ్చాను. ఎవరూ పిలవలేదు, ఎవరూ బెదిరించలేదు.

మా అమ్మాయి ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతోంది. మోటార్లు తయారుచేసే ఒక కంపెనీలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. మా షాపులో మూడేళ్లు పనిచేసినట్టు నా సంతకం, షాపు ముద్ర ఉన్న పత్రం దానికి జతచేసింది. ఆ పత్రం దొంగదని కంపెనీ ఫిర్యాదు ఇచ్చింది. పత్రం దొంగది కాదు. దొంగదని వాళ్లు అనుకునేలా మాట్లాడింది నేను. ఆ సంగతి చెప్పడానికే వచ్చాను.

పోయిన నెల పదిహేడో తేదీ, గురువారం, ఉదయం పదకొండుంపావుకు ఫోన్ వచ్చింది. ఎవరో ఆడమనిషి, మర్యాదగానే మాట్లాడింది. కంపెనీ నుంచి అంది. ఫోన్ వస్తుందని అమ్మాయి నాకు ముందే చెప్పింది. "నాన్నా, వాళ్లు అడిగితే నేను చేసింది ఉన్నదున్నట్టు చెప్పు చాలు," అంది. నాకు నువ్వు నేర్పాలా అని కసిరాను.

అప్పుడు షాపులో పంపు మోటారు తెచ్చిన ఒక ఖాతాదారు ఉన్నాడు. నేను చెప్పేవన్నీ వింటున్నాడు. మీ అమ్మాయి మీ దగ్గర ఏం పని చేసిందని ఫోన్‌లో అడిగారు. "పనేముందండీ, కాలేజీ నుంచి వచ్చి కాసేపు కూర్చునేది. చిన్నపిల్ల, దానికేం తెలుసు," అన్నాను. సొంతంగా మోటార్లు చుట్టిందా అని అడిగారు. ఏదో చేతులు పాడుచేసుకునేదని చెప్పి నవ్వాను. ఖాతాదారు కూడా నవ్వాడు. పత్రం మీరే రాశారా అని అడిగారు. "అదే రాసుకుందండీ. నేను చదవలేదు, సంతకం పెట్టమంటే పెట్టాను," అన్నాను. అది మాత్రం నిజమే. ఆవిడ థ్యాంక్స్ చెప్పి పెట్టేసింది. మొత్తం నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు. ఫోన్‌లో ఇప్పటికీ ఉంది, చూపించాను.

ఎందుకలా అన్నానని ఇన్‌స్పెక్టర్ గారు అడిగారు. నా అలవాటు అది. పిల్లను ఎవరైనా మెచ్చుకుంటే నేను ఒక మెట్టు కిందికి దించుతాను. కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు కదా, ఆ కాకిని కాకూడదని నా పంతం. తండ్రే పొగిడితే వాళ్లు తేలిగ్గా తీసుకుంటారని, తగ్గించి చెబితే పద్ధతి గల ఇల్లు అనుకుంటారని అనుకున్నాను. పెట్టేశాక బాగానే మాట్లాడాననుకున్నాను కూడా. మధ్యాహ్నం భోజనం దగ్గర మా ఆవిడకు గొప్పగా చెప్పాను. ఆవిడ చేతిలో ముద్ద కంచంలో పెట్టేసింది. "ఒక్క మంచి మాట అంటే నీ సొమ్మేం పోయేది," అంది. నేను ఆవిడ మీద అరిచాను.

ఇప్పుడు ఉన్నదున్నట్టు చెబుతున్నాను.

అమ్మాయి మొదటి సంవత్సరం సెలవుల్లో షాపుకు రావడం మొదలుపెట్టింది. తర్వాత రోజూ కాలేజీ అవగానే నాలుగున్నరకు వచ్చి ఏడున్నర దాకా ఉండేది. ఆదివారాలు పొద్దుటి నుంచీ ఉండేది. కాలిన తీగ కోసి లాగడం, చుట్లు లెక్కపెట్టడం, తీగ మందం కొలవడం, మోటారు లోపలి గాడుల్లో కాగితం వేసి కొత్త తీగచుట్ట, అంటే కాయిల్, దించడం, దారంతో కట్టడం, వార్నిష్ పోయడం, అన్నీ చేసింది. చేతిగోళ్ల సందుల్లో వార్నిష్ పోయేది కాదు. పరీక్ష హాల్లో పక్కపిల్లలు అడిగారని ఒకసారి చెప్పింది. మానెయ్యమన్నాను. మానలేదు. మూడేళ్లలో నూట నలభై మోటార్లు తన చేత్తో చుట్టింది. నేను చుట్టినవి తిరిగి వచ్చాయి గానీ తను చుట్టింది ఒక్కటీ తిరిగి రాలేదు.

రెండో సంవత్సరం ఆసుపత్రి నీళ్ల పంపు మోటారు ఒకటి వచ్చింది. ఆసుపత్రిలో నీళ్లు లేవు, మనిషిని కూర్చోబెట్టారు. నేను చుట్టి బిగించాను. మోటారు గుర్రుమంటుంది, తిరగదు. రెండు గంటలు కొట్టుకున్నాను. అమ్మాయి వచ్చి, పుస్తకాల సంచీ కూడా దించకుండా చూసి, ఒక వరుస కాయిళ్లకు కొసలు తారుమారుగా కలిపావు నాన్నా అంది. విప్పి చూస్తే నిజం. సరిచేస్తే తిరిగింది. ఆసుపత్రి మనిషికి నేనే పట్టుకున్నానని చెప్పాను. అమ్మాయి అక్కడే ఉంది. చాల్లే, ఇంటికెళ్లి చదువుకో అని పంపించాను. ఆ సాయంత్రం నాకు ఎంత గర్వంగా ఉందో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాసుకుంటున్న రైటరు గారికే మొదట చెబుతున్నాను.

ఇంతకు ముందు అమ్మాయి ఇరవై ఒక్క కంపెనీలకు దరఖాస్తు పెట్టింది. వాటి పేర్లు బీరువా తలుపు లోపల కాగితం మీద రాసి అంటించుకుంది. అందరూ అనుభవం ఉందా అన్నవాళ్లే. షాపు పని అనుభవమని నమ్మింది ఈ కంపెనీ ఒక్కటే. మూడు ఇంటర్వ్యూలు గట్టెక్కింది. నా ఫోన్ ఒక్కటే మిగిలింది.

ఇరవై రెండో తేదీన కాలేజీకి ఉత్తరం వచ్చింది. ఈ ఏడాది దొంగ పత్రాలు ఎక్కువయ్యాయని, ఇదీ అలాంటిదేనని అందులో ఉంది. కాలేజీ వాళ్లు మిగతా కంపెనీల ఇంటర్వ్యూలకు కూడా అమ్మాయిని పంపడం ఆపేశారు. ఆ రోజు ఇంటికి వచ్చి అమ్మాయి నన్ను తిట్టలేదు. ఏం చెప్పావు నాన్నా అని అడిగింది. చెప్పినవన్నీ చెప్పాను. విని, లోపలికి వెళ్లి బీరువా తలుపుకున్న ఆ కాగితం చింపేసింది. అప్పటి నుంచి షాపుకు రాలేదు.

ఇరవై మూడున నేను కంపెనీ గేటు దగ్గరకు వెళ్లాను. షాపులో తను చుట్టిన మోటార్ల లెక్కలు అమ్మాయి రాసుకున్న నోటుపుస్తకాలు మూడూ పట్టుకెళ్లాను. గంటన్నర తర్వాత ఒకాయన వచ్చి, "ఇప్పుడు తండ్రి కాబట్టి చెబుతున్నారు. ఆ రోజు చెప్పిందే మేం తీసుకుంటాం," అన్నారు. ఆ స్థానం అప్పటికే వేరే వాళ్లకు ఇచ్చేశారట. పుస్తకాలు తెరిచి చూడలేదు. ఆయన్ను తప్పుపట్టలేను. ఆ పుస్తకాలు ఈ రోజు ఇక్కడ అప్పగించాను.

ఫిర్యాదు మీద పిలిస్తే వచ్చి బయట బల్ల మీద కూర్చున్న అమ్మాయిని ఇన్‌స్పెక్టర్ గారు లోపలికి పిలిపించి, ఆమె ఎదుట ఇదంతా చదివించారు. కేసు నిలవదు గానీ ఉద్యోగం ఇప్పించడం తన చేతిలో లేదన్నారు. అమ్మాయి తల వంచుకుని విన్నది. నూట నలభై దగ్గర ఆపమంది. "నూట ముప్పై ఎనిమిది. రెండు నాన్న చుట్టారు," అంది. ఆ అంకె దిద్దించి పక్కన నా పొడి సంతకం పెట్టాను.

నువ్వేమైనా చెప్పాలా అమ్మా అని ఇన్‌స్పెక్టర్ గారు అడిగారు. అమ్మాయి నా వైపు చూసింది. "ఇదంతా నీకు తెలుసని నాకు తెలీదు నాన్నా. నేను చేసేది నీకు నచ్చట్లేదేమో అనుకుని, ఇంకా బాగా చెయ్యాలని వచ్చేదాన్ని," అంది.

దానికి నేను ఏం చెప్పానో రాయాలి కదా అని రైటరు గారు అడిగారు. ఏమీ చెప్పలేదని రాయమన్నాను.

పై మాటలన్నీ నావే. చదివించి విన్నాను. కన్నబిడ్డ అని ఎక్కువ చేసి చెప్పింది ఇందులో ఒక్కటీ లేదు. తక్కువ చేసి చెప్పింది ఉంటే అది నా పాత అలవాటు. ఇది నిజమని ఒప్పుకుని కింద సంతకం చేస్తున్నాను.

(సంతకం)
వైండింగ్ మేస్త్రి, అమ్మాయి తండ్రి