ఒక్క కాగితం మీద ఇరవై ముగ్గురం

"అంకుల్, శుక్రవారం శుక్రవారం పార్కుల మీరు ఎంపీ లెటర్ చదివి వినిపిస్తరట గదా, అదెట్ల మొదలైంది?" అని నువ్వడిగినవ్ సూడు స్వాతీ, ఇగ నేను ఆగుతనా? ఫోన్‌ల రికార్డింగ్ పెట్టినవా? పెట్టు బిడ్డా, పెట్టు. పక్కింట్ల రూముకున్నవన్న మాటేగని, యూనివర్సిటీకి ఉరుకుడు, వచ్చి పండుడు. ఇయ్యాల చిక్కినవ్.

నేను పదో తరగతి పాసైనోణ్ణి. మా జగిత్యాల దిక్కు పంచాయతీల కారోబార్‌గ చేసిన. కారోబార్ అంటె ఎరికేనా? ఇంటి పన్ను, నల్లా పన్ను వసూలు చేసుడు, పుట్టుడు సచ్చుడు రాసుడు, సర్పంచ్ సంతకం ఏడ పెట్టాల్నో ఏలు పెట్టి చూపెట్టుడు. అన్నిటికన్న నాకు పేరొచ్చింది అర్జీలతోటి. ఊరికి బోరింగు కావాలన్నా, కల్వర్టు కావాలన్నా ఒక్క తెల్లకాగితం. పైన "మహారాజశ్రీ" అని మొదలువెట్టి నేను రాసుడు, కింద ఊరందరి సంతకాలు, రానోళ్లవి ఏలిముద్రలు. అది పట్టుకొని ఎమ్మెల్యే ఇంటి ముంగట కూసునుడు. పొద్దంత కూసుంటె మూడు చాయ్‌లు, అప్పుడు చాయ్ చారాణ. కాదు కాదు, చారాణ మా నాయిన కాలంల, నాకప్పటికి ఆఠాణ అయ్యింది. ఎందుకు చెప్తున్న ఇది? ఆ, అర్జీ.

ఈ పరాయి దేశానికొచ్చి ఏడేండ్లాయె, మా మనుమరాలు హాసిని బడిల ప్రెప్‌ల, అంటె ఒకటో తరగతి కన్న ముందుదాంట్ల, చేరిన ఏడాది. మా కొడుకు రమేష్ ఫోన్‌కు శుక్రవారం ఒక ఈమెయిల్ వస్తది. మనకు ఎమ్మెల్యే ఉన్నట్టు, ఈడ రాష్ట్రం సభల మన ఏరియా మనిషిని సుత ఎంపీ అంటరు. ఆ ఎంపీ వారం వారం రాస్తరు. ఏ రోడ్డు తవ్వుతున్నరు, ఫ్లూ టీకా ఏడ ఇస్తున్నరు, కరెంటు బిల్లు కట్టలేనోళ్లు ఎవలకు ఫోన్ చెయ్యాలె, సీనియర్స్ కార్డుకు ఏమేం కాగితాలు కావాలె, అన్నీ. మావోడు చూడకుంటనే డిలీట్ కొట్టేటోడు. నాకు పాణం గిలగిల కొట్టుకున్నది.

"ఓరి, ఎమ్మెల్యే మొఖం చూద్దామంటె మాకు ఐదేండ్లు పట్టేది. నీకు వారం వారం జాబు రాస్తె తుడిపేస్తవారా!"

"నాయినా, అది నాకొక్కనికే గాదు, అందరికీ వస్తది."

అందరికొస్తె ఇంకా మంచిదే గదా!

ఇగ హాసినికి చదువుడు మంచిగొచ్చినప్పటిసంది ఆ ఇంగ్లీషు జాబు చదివి అర్థం చెప్తది, నేను దాన్ని తెలుగుల మోసుకొని పార్కుకు పోత. మా టార్నీట్ పార్కుల పెద్దోళ్లం ఇరవై ముగ్గురం. తెనాలి సుబ్బారావు గారున్నరు సూడు, ఆ పొడుగు మనిషి, నన్ను చూడంగనే "ఏవండీ కారోబారు గారూ, ఇవాళ గెజిట్ ఏవంటోంది?" అని ఎకసెక్కం. ఎకసెక్కమే గని, ఒక్క వారం ఆలస్యమైతె ఇంటికి ఫోన్ చేస్తడు.

అట్లుండంగ ఒక శుక్రవారం బస్సు సంగతొచ్చింది. రైల్వే స్టేషన్‌కు, లైబ్రరీకి కొత్త బస్సు వేస్తరట. మన వీధెంట ఒక దారి, అవతలి పెద్దరోడ్డు మీంచి ఒక దారి, రెండిట్ల ఏదో ఒక్కటే. నెలాఖరు దాకా అభిప్రాయాలు చెప్పుమన్నరు. బిడ్డా, నీకు తెల్వదా, పిల్లలు పొద్దుగాల కార్లేసుకొని పోతరు. ఇల్లేమో నాలుగు బెడ్రూములు, పోదామంటె ఆ పార్కొక్కటే. స్టేషన్‌కు నడిస్తె ముప్పావు గంట, లైబ్రరీకి ఇంకా ఎక్కువ. బస్సు మనకు రాకపోతె, మా అసొంటోళ్లకు ఇగ పిల్లలు తోలుకపోయే ఆదివారమే దిక్కు.

నాకు కారోబార్ పూనిండు. అర్జీ చెప్పిన, హాసిని ఇంగ్లీషుల టైపు కొట్టింది. ఇరవై ముగ్గురి సంతకాలు. ఆడోళ్లవి సగం మొగోళ్లే పెట్టిన్రు. మీ ఆంటీది నేనే పెట్టిన, ఎప్పుడూ పెట్టినట్టే. ఇస్త్రీ అంగీ ఏసుకొని ఎంపీ ఆఫీసుకు పోయిన. జెన్నీ అని ఒక పిల్ల తీసుకున్నది, నవ్వుకుంట. నేను కదలలే. "ముద్ర" అన్న. ముద్ర లేకుంటె ఇచ్చినట్టెట్ల? ఆ పిల్ల అల్మార అంత దేవులాడి, ఎన్నడో ఎండిపోయిన స్టాంపు తీసి, నోటితోటి ఊది, నా కాపీ మీద గుద్దింది. దాన్ని తెచ్చి ఫ్రిజ్‌కు తగిలించిన. బస్సు మా ఇంటి ముంగట ఆగినంత సంబురం.

మల్ల శుక్రవారం జాబొచ్చింది. హాసిని చదువుకుంట చదువుకుంట నెమ్మదైంది. "తాతా, ఇట్ సేస్ వెరీ ఫ్యూ రెస్పాన్సెస్ ఫ్రమ్ అవర్ సైడ్." అవతలి రోడ్డోళ్లు మస్తు మంది చెప్పిన్రట, మన దిక్కు నుంచి ఏదో ఒకటీ అరా. ఇంక పది రోజులే టైమున్నది.

జెన్నీకి ఫోన్ కొట్టిన. పాపం, మంచిగనే చెప్పింది. "మీ లెటర్ అందరం చదివినం. దాన్ని ఒక అభిప్రాయం కింద రాసుకున్నం."

ఒకటి! ఇరవై ముగ్గురం కలిస్తె ఒకటి! మన కాడ పెద్దమనిషి నోరిప్పితె ఊరంత ఇప్పినట్టు. ఈడ అట్ల గాదట. ఎవలు, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏడికి పోతరో ఎవలది వాళ్లే ఒక్కో ఫారం మీద చెప్పాలట. ఏ భాషల చెప్పినా పర్వాలేదట.

పార్కుల చెప్తె సుబ్బారావు గారు ఊకుంటడా? "అయితే మా ఇరవై ముగ్గురికీ కలిపి ఒక్క తలకాయ తగిలించారన్నమాట. పైగా మీది!" అన్నడు. అందరు నవ్విన్రు. నాకు నవ్వు రాలే. నన్ను నమ్మి సంతకాలు పెట్టిన్రు గదా, బస్సు పోతె నా పెద్దరికంతోనే పోయినట్టాయె.

సరే, ఎన్ని ఫారాలైతె అన్ని రాస్త, నాకు రాసుడు కొత్తనా? డైనింగ్ టేబుల్ మీద కట్ట పెట్టుకొని కూసున్న. ఒకటే మాట, పేర్లు మాత్రం వేరే. మూడోది మీ ఆంటీది. పేరు రాస్తున్న, ఆమె పొయ్యి కాడికెల్లి అన్నది:

"నాది రాయకు."

"ఎందుకే?"

"నేను ఏడికి పోవాల్నో నీకెరికనా?"

నేను నవ్విన. "ఏడికి పోతవ్? గుడికి, ఇండియన్ షాపుకు."

ఆమె పొయ్యి బంద్ చేసింది. చేతులు కడుక్కొని, తుడుసుకొని, హాసినిని పిలిచింది. "బిడ్డా, నేను చెప్త, నువ్వు రాయి. నా పేరు రాజమణి. మంగళారం పది గంటలకు లైబ్రరీల పైసల్లేకుంట ఇంగ్లీషు నేర్పుతరు. నేను మూడు వారాలు నడిచి పోయిన. పోను గంట, రాను గంటంబావు. నాలుగో వారానికి మోకాలు లేవనియ్యలే. అప్పుడప్పుడే టీచరమ్మ అడిగేది తెలుస్తుండె. బస్సుంటె మల్ల పోత. రాసినవా?"

నేను పెన్ను కింద పెట్టిన. "మెట్ల మీద జారిన, మోకాలు నొస్తుందన్నవ్ గదా!"

"అన్న."

"నాకు చెప్తె నేను తోలుకపోకపోతునా?"

"నువ్వొస్తె టీచరమ్మ నన్నడిగినా నువ్వే జవాబు చెప్తవ్."

"నీకెవలు చెప్పిన్రు ఈ క్లాసు సంగతి?" అని అడిగిన. "నువ్వే. పార్కుల చదివినవ్. చదివి, ఇది మనకు పనికొచ్చేది గాదు అని కింది లైనుకు పోయినవ్." హాసిని "తాతా, షీ గాట్ యూ!" అని, దొరికినవ్ అన్నట్టు చప్పట్లు. నేను మంగళారం మంగళారం పార్కుల కూసొని లోకం ముచ్చట చెప్తుంటె, ఈమె ఆ ఎండల, ఒక్కతే, చెట్టు సుత లేని రోడ్డెంట... నాకు తెల్వకనేపాయె.

తెల్లారి ఫారాలన్నీ పార్కుకు మోసుకపోయిన. "ఎవలది వాళ్లు చెప్పుర్రి. చెప్పిందే రాస్త, ఒక్క అచ్చరం కలప" అన్న. అదే కష్టమైంది, చెయ్యి ఊకుంటదా? నిజామాబాద్ గంగవ్వ అన్నది, "నా బిడ్డ ఇల్లు రెండు స్టేషన్ల అవతల. కొడుకు కార్ల పోతె గంటకే లే లే అంటడు. బస్సుల పోతె పొద్దూకినదాక ఉంట." రాసిన. సుబ్బారావు గారు గొంతు సవరించుకున్నరు, "నా జుట్టు ఎంత కత్తిరించాలో మా అబ్బాయే బార్బరుకి చెబుతున్నాడండీ. ఒక్కసారి నేనే చెప్పుకోవాలని ఉంది." ఎకసెక్కం అనుకొని తలకాయెత్తి చూసిన. మనిషి నవ్వుతలేడు. అది సుత రాసిన. ఇంకొకాయన "ఊకెనే ఎక్కి, చివరిదాక పోయి వస్త" అన్నడు. అది సుత.

అన్నీ టైముకు జెన్నీకి ఇచ్చినంక మూడు శుక్రవారాలు జాబుల బస్సు మాటే లేదు. బడి ముంగట రోడ్డు దాటే కాడ లైట్లు, టీకాలు, చెత్త సామాను ఎత్తుకపోయే తారీకులు. మీ ఆంటీ ఒక్కసారి సుత అడగలే. కాని హాసిని చదువుతుంటె గిన్నెల సప్పుడు చెయ్యకపోతుండె. నాలుగో శుక్రవారం హాసిని ఎగిరింది. బస్సు మన వీధెంటనే! జనం రోజులు, టైములు చెప్పుడు అక్కరకొచ్చిందని, పొద్దుగాల పూట ఎక్కువ నడుపుతరని రాసిన్రు. ఏడాది చూస్తరట, ఎక్కేటోళ్లుంటె ఉంచుతరట. మీ ఆంటీ "మంచిది" అని లోపలికి పోయింది. అటెనుక చూస్తె బెడ్రూంల కొత్త నోట్‌బుక్కుకు అట్ట ఏస్తున్నది.

మొదటి మంగళారం నేను అంగీ ఏసుకున్న.

"నువ్వేడికి?"

"స్టాప్ దాక."

"స్టాప్ దాకైతె రా."

బస్సెక్కి టికెట్ కార్డు టిక్కుమనిపించింది, కిటికీ పక్కన కూసున్నది, నా దిక్కు చూడలే. నలభై మూడేండ్ల సంసారంల ఆమె బస్సుల, నేను కింద, అదే మొదలు. పగటీలి, అన్నం యాళ్లకు వచ్చినంక అడిగిన, ఏం నేర్పిన్రని. టీచరమ్మ "మీ ఆయన ఏం చేస్తరు?" అని ఇంగ్లీషుల అడిగిందట. ఈమె లేచి నిలబడి "హీ టాక్స్" అన్నదట. క్లాసంత నవ్విందట. నాకు చెప్పుకుంట ఆమె ఎట్ల నవ్విందంటవ్, కండ్లల్ల నీళ్లొచ్చెటట్టు. నేను సుత నవ్విన. అబద్ధమేం చెప్పలే గదా!

ఇగ ఏడాది దాక పనున్నా లేకున్నా అందరం ఎక్కుతున్నం, బస్సు ఖాళీగ పోవద్దని. నువ్వు సుత ఎక్కు బిడ్డా, నీ దోస్తు కారు కోసం గేటు కాడ నిలబడకు. సల్లగుండు. మంచిగ చదువుకో. ఏ ఊళ్లె ఉన్నా, నిన్నడిగిందానికి పక్కనోళ్ల దిక్కు చూడకుంట జవాబు చెప్పేటట్టు బతుకు. ఇప్పుడు సుత, చూడు, నిన్ను ఒక్క మాట మాట్లాడనియ్యలే నేను... చెప్పు, నువ్వు చెప్పు, నేను వింట...