గద్దలకోన సామి చెప్పులు

సుంకన్న కూతురికి మళ్ళా జ్వరమొచ్చిందంట. చెప్పులు కుట్టే సుంకన్న, మా గేరిలోనే, ఆ చివరిల్లు. ఇప్పటి మాట గాదులే, మా అవ్వకు అవ్వ చిన్నపిల్లగా ఉన్నప్పటి మాట అనుకో. ఒక్కతే కూతురు, ఓబులమ్మ. ముందొకసారి ఆ పిల్ల జ్వరంతో కళ్ళు తేలేస్తే వాళ్ళమ్మ మారెక్క ఏం జేసిందంటే, అడివిలో ఉండే గద్దలకోన సామికి మొక్కుకునింది. సామీ, నా బిడ్డను లేపు, నా మొగుని చేత నీ కాళ్ళకు చెప్పులు కుట్టిస్తా అనింది. పిల్ల లేసింది. మొక్కు మాత్రం అట్లనే ఉండిపాయ. సుంకన్నేం మాట తప్పే మనిషి గాదు. ఆయన బాధ ఏందంటే, చెప్పు కుట్టాలంటే కాలి కొలత గావాల. సామి కాలి కొలత ఎవురిస్తారు? ఆ కోన చూసొచ్చినామన్నోళ్ళను అడిగితే ఒకడు జానెడంటాడు, ఇంకొకడు మూరెడంటాడు. తానే పోదామంటే, గుడి లోపలికి మనల్ని రానిచ్చినోడెవుడు? ఊర్లో ఉత్సవమైనా మనోళ్ళు వీధి అవతల నిలబడి దండం పెట్టుకోవాల్సిందే. మన నీడ గూడ ఆ మెట్ల మీద పడగూడదు. అట్లాంటి కాలం అది. ఇప్పుడు మీరు భుజాన టవలేసుకోని పోతాండారు గానీ.

ఇంగ ఈసారి జ్వరమొచ్చేతలికి మారెక్క ఊరుకోలా. మామా, సామి తన బాకీ అడుగుతాండాడు, నువ్వు పోయి కుట్టొస్తేనే నా బిడ్డ నాకు దక్కేది అనింది. లోపలికి రానీకపోతే ఏం జేసేదే అన్నాడు సుంకన్న. "బయటనే నిలబడి అడుగు. నీ మాదిరి మనిషే గదా ఆడుండే పూజారి, కొలత చెప్పకుండా పోతాడా?" సరే అని తోలు చుట్ట చంకన పెట్టుకోని, తోలుకు బెజ్జం పొడిచే ఆరె, దారం, కత్తి మూట గట్టుకోని బయల్దేరినాడు. అడివంటే అడివిగాదు నాయనా, అడుగు తీసి అడుగేస్తే ముల్లు. పరికి ముల్లు, తుమ్మ ముల్లు, పేరు తెలీని ముల్లు. పోతా పోతా ఉంటే ఒక చెంచు ముసలామె గడ్డలు తవ్వుకుంటా కనపడిందంట. అవ్వా, గద్దలకోన సామి గుడి యాడ అని అడిగినాడు. ఈ వాగెంబడే పో, వాగు పుట్టే కాడనే ఉండాడు అనింది. పూజారి ఉంటాడా అవ్వా అంటే ఆమె నవ్వింది. "రాజులు పోయినాంక ఆడెవురుండారు నాయనా. గబ్బిలాలుండాయి, ఆయనుండాడు."

వాగు మలుపు తిరిగినాడో లేదో, సుంకన్న అట్లనే నిలబడిపోయినాడంట. ఏమైందంటే, అది రాళ్ళు పేర్చి కట్టిన గుడి గాదు. కొండనే తొలుచుకుంటా లోపలికి పోయినారు. ఇంతింత కంబాలు, నలుగురు చేతులు చాపినా పట్టుకోలేరు. అన్నీ ఒకే రాయి. కంబం కంబానికీ బొమ్మలు, ఏనుగులు, ఎలుగ్గొడ్లు, యాటకు పోయే మనుషులు, వాళ్ళ కుక్కలు. రొప్పే కుక్క నాలిక గూడ చెక్కినారంటే చూడు. సుంకన్న తన కాలి చెప్పులు విడిచిపెట్టి, బయటి కంబం కాడికి పోయి కళ్ళప్పగించి చూసినాడు. చూస్తే ఏముంది, ఆ యాటగాళ్ళ కాళ్ళకు చెప్పులుండాయి. తోలు వారు, ఆ వారు మీద ముడి, అడుగునేసిన కుట్టు, అంతా రాతిలో. ఆ కుట్టు వాళ్ళ నాయన నేర్పిన కుట్టే. అంటే, ఈ కొండ తొలిచిన నాడు మనోడెవుడో ఇక్కడ నిలబడి చెప్పు చూపించినాడు, వాళ్ళు చూసి చెక్కినారు. ఆ కుట్టు మీద వేలు పెట్టి ఏడ్చినాడంట సుంకన్న.

ఏడ్చినా కాలు మాత్రం గడప దాటలా. తలుపు లేదు, గడియ లేదు, అడ్డమొచ్చే మనిషి లేడు. అయినా దాటలా. సామీ, కొలతకొచ్చినా అని పిలిచినాడు. లోపల్నించి తన గొంతే తిరిగొచ్చింది. అట్లనే నిలబడినాడు, పొద్దు వాలేదాకా. ఆ గుడిది పడమటి ముఖం. పొద్దు వాలేకొద్దీ సుంకన్న నీడ సాగుతా, సాగుతా, గడప దాటి, కంబాల నడుమ పోయి, సామి పాదాల మీద పడింది. ఊర్లో మెట్టు మీద పడగూడని నీడ.  గబుక్కున పక్కకు జరిగినాడు. జరిగేతలికి ఎండ నేరుగా పోయి సామి మీద పడింది. నిలువెత్తు సామి, ఎర్రగా వెలిగిపోతాండాడు. చేతిలో విల్లు, నడుముకు కత్తి, పక్కన కుక్క. కాళ్ళు మాత్రం ఉత్త కాళ్ళు. యాటగాళ్ళందరికీ చెప్పులు చెక్కినోళ్ళు సామికి చెక్కలా. ఇన్నేండ్లూ ఈ ముళ్ళల్లో ఉత్త కాళ్ళతోనే ఉన్నావా నాయనా అన్నాడంట సుంకన్న. అంటానే లోపలికి పోయినాడు. గడప ఎప్పుడు దాటినాడో ఆయనకే తెలీదు.

పాదం పట్టుకోని జానతో కొలిచినాడు. జానా మీద నాలుగు వేళ్ళు. ఆ రాత్రి ఆడనే పడుకోని, తెల్లారినాంక సామి ఎదురుగ్గా కూర్చోని కుట్టి, పాదాల ముందర జత పెట్టి, తిరిగి చూడకుండా ఇల్లు చేరినాడు. చేరేతలికి ఓబులమ్మ గడప మీద కూర్చోని గంజి తాగుతాండాది. తలెత్తి చూసి, నీ చెప్పులేవి నాయనా అనింది. అప్పుడు చూసుకున్నాడు. గుడి బయటనే మర్చిపోయినాడు. అయ్యో, ఆ అడివంతా ఉత్త కాళ్ళతో నడిచొచ్చినావా అని మారెక్క ముళ్ళు తీద్దామని కాలు ఒళ్ళో పెట్టుకుంటే, ఒక్క ముల్లు లేదంట. గీత గూడ పడలేదంట. "ఏ దోవన వచ్చినావు మామా?" అంటే, "పోయిన దోవనే" అన్నాడు.

ఇప్పుడా కోనకు రోడ్డు పడింది, గుడికి కమ్మీల గేటు పెట్టినారు. చెప్పులు బయట విడవవలెను అని బోర్డు గూడ ఉండాది, మా మనవరాలు చదివి చెప్పింది. నేను బుద్ధిగా విడిచి లోపలికి పోయినా. పోయి చూస్తే సామి కాళ్ళ కాడ చెప్పుల జత ఉండాది. అవేనా అంటే నాకేం తెలుసు, కుట్టు మాత్రం మా కుట్టే. ఆ బోర్డు సంగతి ఆయనకెవురూ చదివి చెప్పినట్టు లేదు.